అర ఓటు

ఒక సినిమా బాగుందనో బాగాలేదనో అనడానికి కూడా మనిషికి అనుమతి కావాలని నాకు యాభై దాటేదాకా తెలియదు. గుడిలోకి వెళ్లడానికి, ఇష్టపడినవాళ్లను పెళ్లాడడానికి, ఊరి బావిలో చేద వెయ్యడానికి అనుమతి అడగాల్సి వచ్చిందని, చాలాచోట్ల ఇప్పటికీ వస్తోందని తెలుసు. వాటి మీద మా నాయన తరం వేదికలెక్కి వాదించింది. నేను వ్యాసాలు రాశాను. కానీ మ్యాట్నీకి వెళ్లి, బయటికి వచ్చి, పెదవి విరిచే హక్కు కోసం ఒక ఆడమనిషి ఊరిని ఎదిరించాల్సి వస్తుందని ఏ సభలోనూ ఎవరూ చెప్పలేదు. పైగా ఆ హక్కుకు అడ్డం లేచిన గోడలో ఒక రాయి నేనే పెట్టాను. అది ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

నేను పొదిలిలో ఉంటాను. మార్కాపురంలో ఒక బడిలో తెలుగు చెబుతాను. రోజూ పొద్దున ఒకటే బస్సు. ఆడవాళ్లకు టికెట్టు ఉచితమయ్యాక బస్సులో సగానికి పైగా మేమే ఉంటాం. సున్నా టికెట్లు కొట్టి కొట్టి బొటనవేలు అరిగిపోతోందని కండక్టరు రోజూ ఒకసారైనా అంటాడు. వెనకవైపు రెండు వరసలు మావి. మేము నలుగురం. నేను, బట్టల షాపులో చీరలు పరిచి చూపించే అమ్మాయి, ఆసుపత్రిలో నర్సు, పలకల కంపెనీలో పనిచేసే ఆమె. బట్టల షాపు అమ్మాయికి ఇరవై నాలుగేళ్లు. తన హీరో మీద ఈగ వాలినా సీట్లోంచి లేచి నిలబడుతుంది. నర్సు ఆదివారాలు చర్చిలో పాట పాడుతుంది. సినిమాలో ఫైటు వచ్చినప్పుడల్లా దెబ్బ తిన్నవాళ్లలో ఎవరికి ఎన్ని కుట్లు పడతాయో లెక్క వేస్తుంది. ఒక పెద్ద సినిమాకు మూడు వందల పై చిలుకు కుట్లు తేల్చి, ఇంతమందికి మత్తు ఇంజెక్షన్లు ఏ జిల్లాలోనూ దొరకవని తీర్పు చెప్పింది.

పలకల కంపెనీ ఆమె సగం దారిలో ఒక ఊరి దగ్గర ఎక్కుతుంది. పలకలకు చెక్క ఫ్రేములు బిగించి అట్టపెట్టెల్లో సర్దడం ఆమె పని. వాళ్లది గొర్రెల ఇల్లు. అత్త ఇప్పటికీ మంద వెంట పోతుంది. భర్త ట్రాలీ ఆటోలో గొర్రెలను సంతలకు తోలేవాడు. మా నలుగురిలో సినిమాను సరిగ్గా చూడడం వచ్చింది ఆమెకే అని నేను మొహమాటం లేకుండా చెబుతాను. మేము కథ చూసేవాళ్లం, ఆమె పని చూసేది. మిరప చేలో హీరోయిన్ మడమల చెప్పులతో నడిస్తే ఆమెకు ఒళ్లు మండేది. పేదవాడి గుడిసె అని చూపించినదాంట్లో కుండలన్నీ కొత్తవని ఆమె చెప్పాకే మాకు తెలిసేది. ఆదివారం భర్తతో కలిసి మ్యాట్నీ చూడడం, సోమవారం బస్సెక్కి మమ్మల్ని కడిగెయ్యడం ఆమె పద్ధతి.

మా బస్సులో ఒక ఆచారం ఉంది. మార్కాపురం ఊరి బయట పలకల షెడ్లు కనపడేలోగా ఆ వారం సినిమా మీద తీర్పు తేలిపోవాలి. చేతులెత్తి ఓట్లు వేస్తాం. కండక్టరు లెక్కపెట్టి హిట్టో ఫట్టో ప్రకటిస్తాడు. డ్రైవరు ఒక్కోసారి హారన్ కొడతాడు.

దీనికి ఒక నిబంధన పెట్టింది నేను. ఒకసారి బట్టల షాపు అమ్మాయి, ఇంకా విడుదల కాని సినిమాను ట్రైలరు చూసి బ్లాక్‌బస్టరని ప్రకటించింది. నాకు కోపం వచ్చింది. మా నాయన హేతువాద చర్చావేదికల మనిషి. దయ్యాన్ని చూశామని ఎవరైనా అంటే, నువ్వు చూశావా, నీకు చెప్పినవాడు చూశాడా అని నడిబజారులో నిలబెట్టి అడిగేవాడు. ఆ చదువు నా నెత్తురులో ఉంది. చూడనివాళ్లకు ఓటు లేదని బస్సులో చాటించాను. అందరూ సరేనన్నారు. తర్వాత ఫోన్లో దొంగ కాపీలు చూసి వచ్చేవాళ్లు మొదలయ్యారు. థియేటర్లో ఈలల మధ్య చూసిందీ అరచేతిలో చూసిందీ ఒకటెట్లా అవుతుందని బట్టల షాపు అమ్మాయి పోట్లాడి ఇంకో సవరణ తెచ్చింది. ఫోన్లో చూస్తే అర ఓటు. అదీ న్యాయంగానే ఉందని నేను ఆమోదించాను. కళ్లతో చూసినదే సాక్ష్యం అనే సూత్రం కంటే శుభ్రమైనది ఏముంటుంది అనుకున్నాను.

పలకల కంపెనీ ఆమె భర్త ఒక సంతలో గొర్రెలను దించుతూ గుండె పట్టుకొని కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. నలభై నిండలేదు. ఆమె నెల రోజులు బస్సెక్కలేదు. తర్వాత ఒక సోమవారం ఎక్కింది. మెడ, చేతులు, నుదురు అన్నీ బోసిగా ఉన్నాయి. మేము జరిగి చోటిచ్చాం. ఆ రోజు సినిమా మాట ఎవరం ఎత్తలేదు. ఆ తర్వాతి వారాల్లో మెల్లగా ఎత్తాం. ఆమె వినేది. కిటికీ వైపు తిరిగి వినేది.

నేను ఊరుకునే మనిషిని కాదు. బొట్టు తీసెయ్యమని ఏ వైద్యశాస్త్రం చెప్పిందని, పుట్టినప్పటినుంచీ ఉన్న బొట్టును ఎవరో పోతే ఎందుకు తుడవాలని ఆమెకు రెండు రోజులు చెప్పాను. ఒక కరపత్రం కూడా ఇచ్చాను. ఆమె మడిచి టిఫిను సంచిలో పెట్టుకుంది. దాని సంగతి తర్వాత చూద్దాంలే అక్కా అంది.

అట్లా అయిదు నెలలు గడిచాయి. ఒక పెద్ద సినిమా వచ్చింది. పేరు అనవసరం. పట్నంలో చదివిన హీరో ఊరికి తిరిగొస్తాడు, గొర్రెల కాపరుల భూమిని విలన్ కాజేస్తాడు, హీరో వాళ్ల గొర్రెను మెడ మీదికెత్తుకొని పోరాడతాడు. మేము ముగ్గురం చూసేశాం. సోమవారం బస్సులో వాదన మొదలైంది. అమ్మవారి విగ్రహం కళ్లు తెరవగానే దూసుకొచ్చే ఎద్దులు ఆగిపోయే సీను ఒకటుంది. అది జనం బుర్రల మీద దాడి అని నేను, అది చూసి ఏడుపొచ్చిందని నర్సు, మూడుసార్లు చూశానని బట్టల షాపు అమ్మాయి. అప్పుడు కిటికీ వైపు నుంచి మాట వినపడింది.

"ఆ గొర్రె ఈనే సీను ఉందే, దాంట్ల హీరో పాట పాడతాడేంది? ముందు పిల్ల మూతి తుడవాల గదా."

అయిదు నెలల తర్వాత సినిమా మీద ఆమె అన్న మొదటి మాట అది. మేము ముగ్గురం సంతోషంతో తిరిగాం. బట్టల షాపు అమ్మాయి అంతే సంతోషంతో అడిగింది.

"యాడ చూసినావు వదినా?"

మధ్యాహ్నం అన్నాల వేళ కంపెనీలో తోటిపనామె ఫోన్లో సగం చూసిందట.

"ఫోన్లో అయితే అర ఓటే వదినా. అందులోనూ సగమే చూసినావు."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆమె కూడా కొంచెం నవ్వి, "అరే లేమ్మా. నాకింక అన్నీ అరే" అని మళ్లీ కిటికీ వైపు తిరిగింది. కండక్టరు లెక్కపెట్టడానికి వచ్చినప్పుడు ఆమె చెయ్యి ఎత్తలేదు.

ఆ రోజు మొదటి పీరియడు నేను ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. చూడనివాళ్లకు ఓటు లేదని శాసనం చేసినదాన్ని, ఊరు చూడనివ్వని మనిషి సంగతి ఆలోచించలేదు. వాళ్ల ఊళ్లో భర్త పోయినామె ఏడాది కర్మ పెట్టేదాకా వినోదాల జోలికి పోకూడదు. పెళ్లికి పోకూడదు, తిరునాళ్లకు పోకూడదు, సినిమాహాలు గడప తొక్కకూడదు. పనికి పోవడానికి మాత్రం నెల తిరక్కుండానే అనుమతి వచ్చింది. పలకల పెట్టెలు మొయ్యడం దుఃఖానికి అడ్డం రాదన్నమాట. రెండున్నర గంటలు కుర్చీలో కూర్చుంటే మాత్రం పోయినవాడి ఆత్మ ఘోషిస్తుంది. ఈ లెక్క ఎవరు వేశారో వాళ్లను నిలబెట్టి అడగాలి. కానీ మా బస్సు కూడా అదే లెక్క వేసింది. ఊరు ఆమెను హాల్లోకి రానివ్వలేదు, హాల్లోకి రాలేదు కాబట్టి మేము నోరు మూయించాం.

మర్నాడు మంగళవారం. బస్సులో అందరి ముందూ నా నిబంధనను రద్దు చేస్తున్నాననీ ఆమెకు పూర్తి ఓటు ఇస్తున్నాననీ ప్రకటించాను. నేను ఏదో గొప్ప త్యాగం చేసినట్టే చెప్పి ఉంటాను. ఆమె నా వైపు విసుగ్గా చూసింది.

"చూడకుండా ఓటెందుకక్కా? జాలి ఓటు నాకొద్దు. నాకా సినిమా చూడాలని ఉండాది. గురువారంతో ఎత్తేస్తారంట."

అప్పుడు గానీ నాకు సంగతి అర్థం కాలేదు. మాకు బొట్టు కోసం పోరాడాలనే నేర్పారు. ఆమెకు బొట్టు అక్కర్లేదు, మ్యాట్నీ కావాలి. నా కరపత్రంలో మ్యాట్నీ లేదు.

బుధవారం మధ్యాహ్నం కరెంటు లైను పనులని పలకల కంపెనీ మూస్తున్నారని ఆమే చెప్పింది. నేను సగం రోజు సెలవు పెట్టాను. బట్టల షాపు అమ్మాయి సీట్లో కూర్చున్నచోటే ఫోన్లో రెండు టికెట్లు తీసింది. నిన్న అర ఓటన్న నోరు దానిదే. ఆ మాట గుర్తొచ్చిందేమో, టికెట్లు తీస్తున్నంతసేపూ తల ఎత్తలేదు. హాలు మధ్యలో, అందరికీ కనపడేచోట కూర్చుందామని నేను సలహా ఇచ్చాను. చూసేవాళ్లు చూడనీ అన్నాను.

"నువ్వు జెండా పట్టుకోని రాబాక టీచరక్కా. సినిమాకు పోదాం" అంది ఆమె.

గేటు దగ్గర టికెట్లు చూసే ఆయన ఆమెను గుర్తుపట్టాడు. ఏళ్ల తరబడి ఆదివారాలు వచ్చిన జంట కదా. నేను ఆయనకు కనపడనే లేదు. ఆమె వెనకాల రోడ్డు వైపు చూస్తూ, అన్న బండి పెట్టొస్తున్నాడా అని అడిగాడు.

"లేడన్నా. చనిపోయినాడు. అయిదు నెలలైంది."

మా వెనక నలుగురు పోగయ్యారు. ఆయన నోట్లోంచి ఏ మాట వస్తుందోనని నేను పిడికిలి బిగించుకొని ఉన్నాను. చెప్పొద్దూ, జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన తలుపు తెర ఎత్తి పట్టుకొని, "పో తల్లీ, పేర్లు పడతాండాయి" అన్నాడు. అంతే. నా జవాబు నా దగ్గరే మిగిలిపోయింది.

మన పెద్ద సినిమాల్లో హీరో తల్లికి భర్త ఉండడు. ఈ సినిమాలోనూ లేడు. తెల్లచీర, గోడ మీద దండ వేసిన ఫొటో, కుట్టుమిషను. ఆమె తెర మీదికి రాగానే హాలంతా గుండె పట్టుకుంది. వెనక ఎవరో ముక్కు చీదారు. నా పక్కన అట్లాంటి మనిషే కూర్చొని ఉంది. తెర మీద భర్త పోయిన ఆడది లేకుండా వీళ్లకు సినిమా ఆడదు. తెర ముందు మాత్రం ఆమె కూర్చోకూడదు. కన్నీళ్లు పెట్టించడానికి పనికొచ్చే మనిషి టికెట్టు కొనడానికి పనికిరాదా?

ఇంటర్వెల్‌లో లైట్లు వేశారు. మాకు మూడు వరసల వెనక ఆమె ఊరి ఆడవాళ్లు ఇద్దరున్నారు. ముక్కు చీదింది వాళ్లలో ఒకామే. నా పక్కనున్నామెను చూసి వాళ్లు ఒకరి చెవిలో ఒకరు మాట్లాడుకున్నారు. ఒకామె ఫోను తీసింది. పోదామా అని నేను అడిగాను. నాకు భయం వేసిందని ఇప్పుడు చెప్పడానికి సిగ్గుపడను. ఆమె క్యాంటీనుకు పోయి రెండు సమోసాలు తెచ్చుకొని, వెనక ఉన్న ఆ ఇద్దరికీ కనపడేటట్టు నిలబడి, రెండూ తానే తిన్నది. నాకు ఒకటి ఇవ్వాలన్న ధ్యాస కూడా లేదు.

సినిమా అయిపోయి బయటికొచ్చాం. ఎండ ఇంకా తగ్గలేదు. నేను ఒక గొప్ప మాట కోసం కాచుకొని ఉన్నాను. గొలుసులు తెగాయనో, గుండె తేలికైందనో ఆమె అంటే వ్యాసంలో పెట్టుకుందామని నా లోపలి వ్యాసకర్త పెన్ను తీసి కూర్చుంది. మనసుకు ఎట్లా ఉందని అడిగాను.

"మనసు సంగతి ఎందుకక్కా ఇప్పుడు. సినిమా ఎట్లుందని అడుగు."

అడిగాను. రేపు బస్సులో చెబుతానంది.

గురువారం పొద్దున ఆమె బస్సెక్కినప్పుడు కళ్లు ఉబ్బి ఉన్నాయి. తను ఇల్లు చేరేసరికే కబురు చేరిపోయిందట. అత్త తిట్టలేదట, కొట్టలేదట. ఈమె వండిన అన్నం ముట్టకుండా, మంద దగ్గరే రెండు జొన్నరొట్టెలు కాల్చుకొని తిన్నదట. కొడుకును పోగొట్టుకున్న మనిషిని నేను తిట్టలేను. కోడలి దుఃఖానికి కాపలా కాయమని ఊరు ఆమెకు చెప్పింది, ఆమె కాస్తోంది. నేను తిట్టేది ఆ కాపలా పని పెట్టినవాళ్లను.

వాళ్లలో ఒకాయన అదే స్టేజిలో ఆమె వెనకే బస్సెక్కాడు. ఊరి పెద్దమనిషి, ఆమెకు మామ వరస. కండువా సర్దుకొని ముందు సీట్లో కూర్చొని, కండక్టరుతో మాట్లాడుతున్నట్టుగా బస్సంతటికీ వినపడేలా అందుకున్నాడు. ఇది మార్కాపురం బస్సో సినిమా బస్సో తెలియడం లేదన్నాడు. కొన్ని కొంపల్లో కర్మకాండ అయిపోయి తిన్న విస్తరాకన్నా ఆరలేదు, అప్పుడే సరదాలు మొదలైనాయన్నాడు. నేను లేచాను. ముప్పై ఏళ్ల వాదనాపటిమ గొంతులోకి వచ్చేసింది. అంతలో ఆమె నా కంటే ముందు లేచి, కమ్మీ పట్టుకొని నిలబడింది.

"నన్నేనా మామా అనేది?"

ఆయన తిరిగి చూశాడు. "నిన్నే అనుకో. నీ మొగుడు పోయి ఆరు నెలలన్నా కాలేదే."

"అయిదు నెలల పన్నెండు దినాలు. నాకు తెలవదా? రోజూ పొద్దున లెక్కబెట్టుకోనే లేస్తా ఉండా." ఆమె రెండో చెయ్యి కూడా కమ్మీ మీద వేసింది. "సినిమాకు పోయినా. నిజమే. ఫస్ట్ హాఫ్ బాగుంది. సెకండ్ హాఫ్ సాగదీసినాడు. మీరు గూడా చూసి చెప్పండి."

తిట్టుకు జవాబుగా తిట్టో ఏడుపో వస్తే ఏం చెయ్యాలో ఆయనకు తెలుసు. సినిమా ఎట్లుందో చెబితే ఏం చెయ్యాలో తెలియదు. నాకేం ఖర్మ అని మాత్రం గొణిగాడు.

"చూడనోళ్లకు ఓటు లేదు తాతా" అంది బట్టల షాపు అమ్మాయి.

బస్సంతా నవ్వింది. ఆ నవ్వు నాకూ తియ్యగానే ఉంది. కానీ ఆ నిబంధన ఎవరి మెడకు ఎట్లా చుట్టుకుంటుందో చూసినదాన్ని కాబట్టి, ఆయన్ను ఎవరూ ఆపడం లేదు కదా, ఈ రోజు రాత్రి ఆట దాకా సినిమా ఉంది, పోయి చూసి వస్తే ఆయనకూ ఓటిద్దామని అన్నాను. ఆయన తర్వాతి స్టేజిలోనే దిగిపోయాడు. అక్కడ ఆయనకు పనేమీ ఉండదు.

ఆమె వచ్చి కూర్చుంది. నర్సు నీళ్ల సీసా ఇచ్చింది. ఒక గుక్క తాగి, మూత పెట్టి, ఆమె నేరుగా సినిమాలోకి వెళ్లిపోయింది. ఆ గొర్రెలు మనవైపు గొర్రెలు కావట, ఒంటి మీద అంత బొచ్చున్న గొర్రెలు ఈ ఎండల్లో వారం బతకవట. చూలు గొర్రెను మెడ మీద వేసుకొని ముప్పై మందిని కొడితే పిల్ల నిలుస్తుందా అని మమ్మల్నే అడిగింది. అదొక్క సీనుకే సినిమా పోయిందని తీర్పిచ్చింది. బట్టల షాపు అమ్మాయి లేచి నిలబడింది. గొర్రె కోసం హీరోను తీసేస్తావా వదినా అని నిలదీసింది. మొన్నటి సానుభూతి ఎక్కడా లేదు. ఆమె కూడా తగ్గలేదు.

నేను పొంగిపోయాను. ఆమె ఓటు ఫట్టు, నా ఓటూ ఫట్టు. చూశారా, విగ్రహం కళ్లు తెరవడం లాంటి మూఢత్వాన్ని గొర్రెలు కాసుకునే ఇంటి మనిషి కూడా తిరస్కరించింది అని నేను మొదలుపెట్టాను.

"ఆగక్కా" అంది ఆమె. "అమ్మవారు కండ్లు తెరిచే సీను బాగుంది. నాకు ఒళ్లు జలదరించింది. నువ్వు దాన్ని కలపబాక."

అది కెమెరా మోసమనీ, రాతికి రెప్పలుండవనీ చెప్పాను. సినిమాలో హీరో ఎగురుతాడు, వాడికి రెక్కలున్నాయా, అప్పుడు నోరెత్తవేం అని ఆమె అడిగింది. హీరో ఎగిరితే ఎవరూ తాయెత్తు కట్టించుకోరు, విగ్రహం కళ్లు తెరిస్తే కట్టించుకుంటారు అన్నాను. తన అత్త ఏ సినిమా చూడకుండానే మూడు తాయెత్తులు కట్టుకుందని ఆమె చెప్పింది. నర్సు పడీపడీ నవ్వింది. కండక్టరు వచ్చి చేతులు లెక్కపెట్టాడు. రెండు ఈ వైపు, రెండు ఆ వైపు. సమానం అన్నాడు. సగం ఓట్లేవీ లేవు. డ్రైవరు హారన్ కొట్టలేదు, ఏది కొట్టాలో తెలియక.

షెడ్లు కనపడ్డాయి. అయినా మేమిద్దరం ఆపలేదు. ఆమె స్టేజి వచ్చింది. దిగుతూ దిగుతూ, ఎద్దులు ఆగిన తర్వాత దుమ్ము మెల్లగా కిందికి దిగే ముక్కను నేను సరిగ్గా చూడలేదని, మళ్లీ చూసి వచ్చి మాట్లాడమని నాకే చెప్పింది. ఎన్నిసార్లు చూసినా అది మోసమే అని కిటికీలోంచి అరిచాను. బస్సు కదిలింది. ఆమె టిఫిను సంచి చంకన పెట్టుకొని కంపెనీ గేటు వైపు నడుస్తూ, రెండు చేతులూ గాల్లో తిప్పుతూ, ఇంకా ఏదో అంటూనే ఉంది.